దేశం లెక్క చదివేవారికి పది తలకిందుల సలహాలు

నెల మొదలైతే చాలు, అంకెలు వరస కడతాయి. 1న జీఎస్టీ వసూళ్లు, 12న రిటైల్ ద్రవ్యోల్బణం, 14న టోకు ధరలు, 15న ఎగుమతులు దిగుమతులు, 20న ఎనిమిది కీలక రంగాల ఉత్పత్తి, 28న పారిశ్రామికోత్పత్తి సూచీ, ప్రతి శుక్రవారం రిజర్వు బ్యాంకు ప్రకటించే విదేశీ మారక నిల్వలు, మూడు నెలలకోసారి జీడీపీ. సెలవులొస్తే తేదీలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ ప్రవాహం ఆగదు.

వీటిని ఎలా చదవాలో చెప్పేవాళ్లకు కొదవలేదు. అందరికన్నా ముందు చదవండి, అన్నీ చదవండి, పెద్ద అంకెను పట్టుకోండి, పెరిగితే మంచి, తగ్గితే చెడు అంటారు. నేను దాదాపు ప్రతిచోటా ఇందుకు ఎదురు చెప్పబోతున్నాను. ఈ సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. అయినా ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద ఇల్లు గడుపుకునే రిటైర్డ్ ఉద్యోగికి, ఈ దసరాకి సరుకు కోసం అప్పు తేవాలా వద్దా అని తేల్చుకోలేని దుకాణదారుడికి, గ్రూప్స్ పరీక్షకు కూర్చునే అభ్యర్థికి ఇవే అక్కరకొస్తాయని నా గట్టి నమ్మకం.

1. అంకె వెలువడిన రోజున దాన్ని నమ్మకండి

2023-24లో మన ఆర్థిక వృద్ధి ఎంత? 2024 జనవరిలో వచ్చిన మొదటి ముందస్తు అంచనా 7.3 శాతం అంది. ఫిబ్రవరి చివరికి అది 7.6 అయింది. మే నెలాఖరున తాత్కాలిక అంచనా 8.2కు చేరింది. 2025 ఫిబ్రవరిలో సవరించిన అంచనా 9.2 శాతంగా తేల్చింది. సంవత్సరం అదే, లెక్క కట్టిన జాతీయ గణాంక కార్యాలయమూ అదే. ఒక్క శాతం తేడా అంటే, 2011-12 ధరల్లో చూసినా లక్షన్నర కోట్ల రూపాయల పైమాటే.

దీన్ని మోసం అనుకోవద్దు. జనవరి నాటికి చేతిలో ఉండేది కొన్ని నెలల సమాచారమే. పంటల తొలి అంచనాలు, లిస్టెడ్ కంపెనీల త్రైమాసిక ఫలితాలు, పారిశ్రామికోత్పత్తి, పన్ను వసూళ్లు ఎటు నడుస్తున్నాయో చూసి మిగతా నెలలను అంచనా కడతారు. లక్షలాది కంపెనీలు కంపెనీ వ్యవహారాల శాఖకు ఇచ్చే వార్షిక లెక్కలు, ఫ్యాక్టరీల వార్షిక సర్వే, ప్రభుత్వాలు నిజంగా పెట్టిన ఖర్చు ఆ తర్వాతే అందుతాయి. పూర్తి లెక్కకు సమయం పడుతుంది.

కొన్నిసార్లు అచ్చమైన పొరపాట్లూ దొర్లుతాయి. 2012 జనవరిలో పారిశ్రామికోత్పత్తి 6.8 శాతం పెరిగిందని మొదట ప్రకటించారు. 58.09 లక్షల టన్నులని ఉండాల్సిన చక్కెర ఉత్పత్తి 134.08 లక్షల టన్నులుగా లెక్కలోకి ఎక్కిందని తర్వాత బయటపడింది. సరిచేస్తే వృద్ధి 1.1 శాతానికి పడిపోయింది. 2024 నవంబరు బంగారం దిగుమతులను మొదట 1,480 కోట్ల డాలర్లకు పైగా చూపారు. వాణిజ్య లోటు ఎన్నడూ లేనంతగా పెరిగిందని దేశమంతా గగ్గోలెత్తింది. రెండుసార్లు లెక్కపడిన సరుకు తీసేశాక బంగారం 984 కోట్ల డాలర్లకు దిగింది.

అందుకే మీ నోటుపుస్తకంలో ప్రతి సంవత్సరం పక్కన నాలుగు గళ్లు ఖాళీగా ఉంచండి. మొదటి గడిలో అంకె పెన్సిలుతోనే రాయండి. సవరణ వచ్చినప్పుడల్లా పాతదాన్ని చెరపకుండా పక్క గడి నింపండి. మూడేళ్లు ఇలా చేస్తే తొలి అంచనాలు ఎంత మేరకు, ఎటువైపు తప్పుతాయో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే మీకు బోధపడుతుంది.

2. శాతాన్ని పక్కనపెట్టి రూపాయలు చూడండి

పోలికకు శాతమే సరైనదని బడిలో నేర్చుకున్నాం. దేశం లెక్కలో మాత్రం ముందు రూపాయలు చూడాలి.

2020 ఏప్రిల్-జూన్‌లో లాక్‌డౌన్ దెబ్బకు జీడీపీ 23.9 శాతం కుంగింది. మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో 20.1 శాతం పెరిగింది. పోయినదంతా దాదాపు తిరిగొచ్చిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. రూపాయల్లో చూడండి. 2019లో ఆ మూడు నెలల ఉత్పత్తి 35.35 లక్షల కోట్లు, 2020లో దాదాపు 27 లక్షల కోట్లు, 2021లో 32.38 లక్షల కోట్లు. అంత భారీ వృద్ధి తర్వాత కూడా రెండేళ్ల కిందటి స్థాయికి దాదాపు మూడు లక్షల కోట్లు తక్కువే. వంద రూపాయలు 76కి పడి, ఆ 76 మీద ఇరవై శాతం పెరిగితే 91 అవుతుంది, వంద కాదు.

నిరుడు బాగా పడిపోయి ఉంటే ఈ ఏడు ఏ కాస్త లేచినా శాతం పెద్దదిగా కనబడుతుంది. నిరుడు బాగా పెరిగి ఉంటే ఈ ఏడు మంచి పనితీరు కూడా చిన్నదైపోతుంది. కాబట్టి శాతం ఎదురైనప్పుడల్లా దాని కింద అసలు మొత్తం రాసుకుని, రెండేళ్ల కిందటి మొత్తంతోనూ పోల్చండి.

3. అందరూ చెప్పుకునే అంకెను ఆఖర్న చదవండి

2023 అక్టోబరు-డిసెంబరులో జీడీపీ 8.4 శాతం పెరిగిందని మొదటి ప్రకటన వచ్చింది. అదే ప్రకటనలో జీవీఏ వృద్ధి 6.5 శాతమే. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, ఆఫీసుల్లో కొత్తగా సృష్టించిన విలువ జీవీఏ. దానికి పరోక్ష పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తే జీడీపీ వస్తుంది. ఆ మూడు నెలల్లో పన్నులు పెరిగాయి, సబ్సిడీల చెల్లింపు తగ్గింది. ఆ కారణంగా జీడీపీ అంకె ఉబ్బింది. కార్మికుడి పని, రైతు పంట, వ్యాపారి అమ్మకం ఎలా ఉన్నాయో తెలియాలంటే 6.5 చదవాలి.

ధరల ప్రభావం తీసేసే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. 2023 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు టోకు ధరలు అంతకుముందు ఏడాదికన్నా తక్కువగా ఉన్నాయి, రిటైల్ ధరలు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. ముడిసరుకు చౌకగా దొరికి కంపెనీకి మిగులు పెరిగినప్పుడు, తయారీ పరిమాణం అంతగా పెరగకపోయినా నిజ వృద్ధి పెద్దదిగా తేలే వీలు 2011-12 ఆధారంగా నడిచిన లెక్కలో ఉండేది. అందుకని ముందు రంగాలవారీ పట్టిక, తర్వాత జీవీఏ, ఆ పైన ధరలు కలిపిన నామినల్ వృద్ధి, చిట్టచివర జీడీపీ చదవండి. ఈ వరసలో వెళ్తే పెద్ద అంకె మిమ్మల్ని తికమక పెట్టలేదు.

4. రికార్డు అన్న మాట వింటే మరుసటి నెల దాకా ఆగండి

2025 ఏప్రిల్‌లో జీఎస్టీ వసూళ్లు 2.37 లక్షల కోట్ల రూపాయలు దాటి అప్పటికి రికార్డు సృష్టించాయి. 2024 ఏప్రిల్‌లోనూ 2.10 లక్షల కోట్లతో అప్పటి రికార్డు. ఏప్రిల్‌లో కట్టే పన్ను మార్చి అమ్మకాల మీదిది. మార్చి ఆర్థిక సంవత్సరం ఆఖరి నెల. కంపెనీలు లక్ష్యాలు అందుకోవాలని సరుకు తోసేస్తాయి, లెక్కలు ముగించుకుంటూ పాత బకాయిలు కట్టేస్తాయి. కాబట్టి ఏప్రిల్‌ను మార్చితో పోల్చడం తప్పు. నిరుటి ఏప్రిల్‌తో పోల్చి, అందులోంచి ధరల పెరుగుదల తీసేసి చూడండి.

యూపీఐ సంగతీ ఇంతే. 2025 ఆగస్టులో నెలకు 2,000 కోట్ల లావాదేవీల మైలురాయి దాటింది. ఆ వ్యవస్థ సాధించినది గొప్ప విజయం. అయితే నిన్నటిదాకా నోట్లతో జరిగిన కొనుగోలు ఈ రోజు ఫోన్‌తో జరిగితే లావాదేవీ పెరుగుతుంది గానీ వ్యాపారం పెరగదు. అది చెల్లింపుల అలవాటు ఎలా మారుతోందో చెప్పే కొలత. దేశ ఉత్పత్తికి కొలతగా దాన్ని వాడకండి.

కొనుగోలు మేనేజర్లను అడిగి కట్టే పీఎంఐ సూచీ 50 దాటితే అంతా బాగున్నట్టేనని అనుకోవద్దు. క్రితం నెలకన్నా మెరుగన్నవారి శాతానికి, మార్పు లేదన్నవారిలో సగం కలిపితే వచ్చే అంకె అది. ఎంతమంది మెరుగన్నారో చెబుతుంది, ఎంత మెరుగో చెప్పదు.

5. పెరిగిన ప్రతి అంకెకూ సంతోషించకండి

కరెంటు వాడకం పెరిగితే ఫ్యాక్టరీలు జోరుగా నడుస్తున్నట్టని పాత నమ్మకం. 2023 ఆగస్టులో పారిశ్రామికోత్పత్తి సూచీలోని విద్యుత్ విభాగం 15.3 శాతం ఎగబాకింది. ఆ నెలలో దేశంలో వాన బాగా తక్కువ పడింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదు. మోటార్లు ఆగకుండా తిరిగాయి, ఫ్యాన్లూ ఏసీలూ ఆగకుండా తిరిగాయి. బోరుబావుల కింద సేద్యం చేసే తెలంగాణ, రాయలసీమ రైతుకు కరెంటు అంకె పెరగడమంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. వాన తప్పిన ఏడాది ఆ అంకె కష్టానికి గుర్తు.

ఉపాధి హామీ పథకం దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ. 2019-20లో దాదాపు 5.48 కోట్ల కుటుంబాలు ఆ పనికి వెళ్లాయి. 2020-21లో ఆ సంఖ్య 7.55 కోట్లకు చేరింది. నగరాల్లో పని పోయి ఊళ్లకు చేరిన కుటుంబాలు గడ్డపార పట్టుకోవడం వల్ల పెరిగిన అంకె అది. బంగారం మీద అప్పులు పెరిగినప్పుడు కూడా ఒక క్షణం ఆగి ఆలోచించండి. బంగారం ధర పెరిగి ఎక్కువ అప్పు పుట్టడం ఒక కారణం కావచ్చు, వేరేచోట అప్పు పుట్టకపోవడం మరో కారణం కావచ్చు. ఏ అంకె పెరిగినా, దాని వెనక ఉన్న మనిషి ఇష్టంగా వచ్చాడా, గత్యంతరం లేక వచ్చాడా అని అడగండి.

6. టమాటాను తీసేసి ద్రవ్యోల్బణం చదవండి, తర్వాత మళ్లీ టమాటా దగ్గరికి రండి

2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర ఆకాశాన్నంటింది. ఆ నెల రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతం, ఒక్క కూరగాయల ధరలే 37 శాతానికి పైగా పెరిగాయి. రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అంకె పైహద్దు దాటేసింది కాబట్టి వడ్డీ రేట్లు పెంచుతారని చాలామంది లెక్కలేశారు. రిజర్వు బ్యాంకు మాత్రం బ్యాంకులకు తాను అప్పిచ్చే రెపో రేటును 6.5 శాతం దగ్గరే ఉంచింది. ఆహారం, ఇంధనం తీసేసి చూసే కోర్ ద్రవ్యోల్బణం అప్పటికే 5 శాతం దగ్గరికి దిగొచ్చింది. కొత్త పంట రాగానే సెప్టెంబరుకల్లా మొత్తం ద్రవ్యోల్బణం 5.02 శాతానికి తగ్గింది. వడ్డీ రేటు ఎటు పోతుందో తెలియాలంటే టమాటా లేని అంకె చూడాలి.

దీనికి ఎదురు ఉదాహరణ 2025 అక్టోబరు. ద్రవ్యోల్బణం 0.25 శాతం, ఆ సూచీ చరిత్రలోనే అతి తక్కువ. బజారుకెళ్లిన గృహిణికి అది నమ్మశక్యంగా లేదు. 2024 అక్టోబరులో ఆహార ధరలు 10.87 శాతం పెరిగి ఉన్నాయి. ఆ ఎత్తు మీది నుంచి కొలవడం వల్ల, కూరగాయలు చవకవడం వల్ల, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గడం వల్ల అంకె అంతకు దిగింది. ఇంటి అద్దె, బడి ఫీజు, ఆసుపత్రి బిల్లు దానితోపాటు దిగలేదు.

ఇప్పుడు మళ్లీ టమాటా దగ్గరికి రండి. 2012 ఆధారంగా నడిచిన సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. 2024 ఆధారంగా వచ్చిన కొత్త సూచీలో ఆ వాటా తగ్గింది. అయినా 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటి ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. అది సగటు. కూలి కుటుంబానికి ఇంకా ఎక్కువ. కోర్ అంకె వడ్డీ రేటును అర్థం చేసుకోవడానికి, ఆహారం అంకె మనుషుల బతుకును అర్థం చేసుకోవడానికి. రెండూ రాసుకోండి, ఒకదాని పని మరోదానికి అప్పగించకండి.

7. నిరుద్యోగం తగ్గిందంటే అక్కడితో ఆగకండి

2017-18లో నిరుద్యోగ రేటు 6.1 శాతం. 2023-24లో 3.2. సగానికి దగ్గరగా తగ్గింది. ఆనందించే ముందు అదే నివేదికలోని మరో రెండు పట్టికలు తెరవండి. సొంత పనిమీద ఆధారపడ్డవారి వాటా అదే కాలంలో 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. నెల జీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది. గ్రామీణ మహిళల కార్మిక భాగస్వామ్యం 24.6 నుంచి 47.6 శాతానికి దూకింది. ఇంటి పొలంలోనో దుకాణంలోనో జీతం లేకుండా చేయందించే ఇల్లాలు కూడా ఈ లెక్కలో ఉపాధి ఉన్న మనిషే. ఆమె శ్రమకు గుర్తింపు దక్కడం న్యాయం. అయితే ఆ గుర్తింపు ఆమె చేతికి డబ్బు అందించదు.

కొలిచే కాలం కూడా చూడండి. ఏడాది మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక రేటు, గడిచిన వారం రోజులే చూస్తే మరో రేటు. 2025 నుంచి నెలనెలా వస్తున్నది వారపు పద్ధతి అంకె. ఆ ఏప్రిల్‌లో అది 5.1 శాతం. ఈ 5.1ని వార్షిక పద్ధతిలో వచ్చిన 3.2తో పోల్చి నిరుద్యోగం పెరిగిపోయిందని రాస్తే పరీక్షలో మార్కులు పోతాయి, బయట పరువు పోతుంది.

8. పట్టికను కింది నుంచి పైకి చదవండి

గమనికలు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముందు అవే చదవండి. ఆ తర్వాతే అంకెల్లోకి వెళ్లండి.

డీలర్ల సమాఖ్య ఫాడా నెలనెలా ఇచ్చే వాహన రిటైల్ అమ్మకాలు రవాణా శాఖ వాహన్ పోర్టల్ నుంచి తీసుకున్నవి. చాలా ఏళ్లపాటు ఆ లెక్కలో తెలంగాణ లేదు. ఆ సంగతి చెప్పింది అడుగున ఉన్న గమనికే. హైదరాబాద్ రోడ్ల మీదికొచ్చిన కొత్త కార్లు లేకుండానే దేశమంతటి అమ్మకాలని చెప్పుకున్నాం. తయారీదారుల సంఘం సియామ్ ఇచ్చే అంకె ఇంకోటి. కంపెనీ గేటు దాటి డీలరుకు చేరిన బండ్లవి. కొనుగోలుదారుడు ఇంటికి తీసుకెళ్లినవి కావు. సియామ్ అంకె పెరుగుతూ ఫాడా అంకె తగ్గుతుంటే డీలరు షెడ్డులో బండ్లు పేరుకుపోతున్నాయని అర్థం. ఒక్కటే చదివినవారికి ఇది కనబడదు. దీపావళి ఒక ఏడాది అక్టోబరులో, మరో ఏడాది నవంబరులో వస్తుంది కాబట్టి ఆ రెండు నెలలను కలిపే చదవండి.

9. తక్కువ అంకెలు పెట్టుకోండి, ఎక్కువ కాలం పెట్టుకోండి

పది వెబ్‌సైట్లు, నలభై సూచీలు అక్కర్లేదు. అయిదు చాలు: ఎనిమిది కీలక రంగాల్లో సిమెంటు, ఉక్కు; ధరలు తీసేసిన జీఎస్టీ వృద్ధి; కోర్ ద్రవ్యోల్బణం, దాని పక్కనే ఆహార ద్రవ్యోల్బణం; బ్యాంకుల అప్పుల పెరుగుదల; పల్లెల్లో ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్ల అమ్మకాలు. ఉత్పత్తి, పన్ను, అప్పుల అంకెలు ఎక్కువగా సంఘటిత రంగాన్ని చూపిస్తాయి. అయిదోది పల్లె కొనుగోలు శక్తికి సూచన. 2011-12 ఆధారంగా నడిచిన త్రైమాసిక జీడీపీ లెక్కకు చిన్న చిన్న వ్యాపారాల సమాచారం నేరుగా అందేది కాదు. పెద్దవాటి పోకడను బట్టే చిన్నవాటిని అంచనా కట్టేవారు. 2016లో పెద్దనోట్ల రద్దు జరిగిన ఆర్థిక సంవత్సరపు వృద్ధి, సవరణల తర్వాత 8 శాతం దాటింది. చిల్లర వ్యాపారులు ఆ ఏడాది పడ్డ అవస్థ ఆ అంకెలో కనిపించకపోవడానికి ఈ పద్ధతి ఒక కారణమని చాలామంది ఆర్థికవేత్తలు వాదించారు. అందుకే ఆ అయిదోదాన్ని వదలకండి.

నెలకు ఒక్కసారి, ఒకే రోజున కూర్చుని రాసుకోండి. ఒక నెల మార్పు చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. అయిదింటిలో మూడు, వరసగా మూడు నెలలు ఒకేవైపు నడిస్తే అప్పుడు ఆలోచించండి. అప్పు తేవాలనుకునే దుకాణదారుడికీ, డిపాజిట్ ఎన్నాళ్లకు వేయాలో తేల్చుకోవాల్సిన పెద్దాయనకూ ఇంతకుమించిన హడావుడి అవసరం లేదు.

10. సర్వేవాళ్లు తలుపు తడితే పని మానుకుని కూర్చోండి

అపరిచితులకు ఇంటి లెక్కలు చెప్పొద్దని అందరూ హెచ్చరిస్తారు. నేను చెప్పమంటాను. గుర్తింపు కార్డు అడిగి చూడండి, నిజమైనదైతే లోపలికి పిలవండి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద సేకరించిన వ్యక్తిగత వివరాలు బయటపెట్టడానికి వీల్లేదు. పల్లెల్లో అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి జవాబు చెబుతారు. నగరాల్లో గేటెడ్ కమ్యూనిటీల గేటు దగ్గరే వాళ్లను ఆపేస్తున్నారు. ఫలితంగా సంపన్నుల ఖర్చు లెక్కలోకి సరిగా రాదు, ఆ లోటు సగటును కిందికి లాగుతుంది, దాన్నిబట్టి కట్టే పేదరికపు గీతా ధరల సూచీ వాటాలూ పక్కదారి పడతాయి.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ సారథ్యంలో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే నేటికీ ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి మహలనోబిస్ దగ్గరికి చేరిన సి.ఆర్.రావు 1945లోనే ఒక హద్దు నిరూపించారు. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగా కట్టినా, చేతిలో ఉన్న సమాచారం అనుమతించినదానికన్నా ఖచ్చితంగా ఉండలేదు. ఢిల్లీలో ఎంతటి మేధావులు కూర్చున్నా, గేటు దగ్గర ఆగిపోయిన సమాచారాన్ని వాళ్లు పుట్టించలేరు.

2023-24 వినియోగ సర్వేలో అడిగింది 2,61,953 ఇళ్లను. దేశంలోని మొత్తం ఇళ్లతో పోలిస్తే ఒక్కో ఇల్లు వెయ్యికి పైగా ఇళ్ల తరఫున మాట్లాడినట్టు. నూనెకు ఎంత, అద్దెకు ఎంత, ఫీజుకు ఎంత అని అడిగితే నోటికొచ్చింది చెప్పకండి. లోపలికెళ్లి బిల్లులు తెచ్చి చూసి చెప్పండి.